రెండుసార్లు విడిపోయి ఒకసారి కలిసిన తెలుగువాళ్లం: మనల్ని, ఈ దేశాన్ని రాజ్యాంగం ఎలా కలిపి ఉంచుతోంది?

సివిక్స్ లెక్చరర్, గుంటూరు

అందరికీ నమస్కారం. నవంబర్ 26 రాజ్యాంగ దినోత్సవానికి మా జూనియర్ కాలేజీలో చర్చ పెడుతున్నాం. ఇన్ని భాషలు, మతాలు, కులాలున్న దేశాన్ని రాజ్యాంగం ఎలా ఒక్కటిగా ఉంచుతోంది అన్నది అంశం. సెకండియర్ అమ్మాయి ఒకతె లేచి అడిగింది: "సార్, 1953లో మద్రాసు నుంచి విడిపోయాం. 1956లో తెలంగాణతో కలిశాం. 2014లో మళ్లీ విడిపోయాం. మూడూ రాజ్యాంగం ప్రకారమే జరిగాయి కదా, మరి అది కలిపిందా, విడదీసిందా?"

నాకు తోచింది రాస్తున్నాను. మన రాజ్యాంగంలో రాష్ట్రాల సరిహద్దులు మారడానికి 3వ అధికరణం దారి పెట్టింది. రాష్ట్రం దేశం నుంచి బయటికి పోవడానికి మాత్రం దారే లేదు. భాష పేరుతో రాష్ట్రాలు ఇస్తే దేశం ముక్కలవుతుందని 1948లో ధార్ కమిషన్ భయపడింది. తర్వాత నెహ్రూ, పటేల్, మన పట్టాభి సీతారామయ్య గార్ల కమిటీ కూడా ఇప్పుడు వద్దు, ఆగుదాం అంది. చివరికి రాష్ట్రాలు ఇచ్చారు, దేశం ముక్కలు కాలేదు. పొట్టి శ్రీరాములు గారు ప్రాణం పెట్టి అడిగింది భారతదేశంలో ఒక రాష్ట్రం. వేరే దేశం కాదు. ఆ అడగడానికి ఒక చోటు ఉండటమే ఐక్యతకు మూలమని నా అభిప్రాయం.

పుస్తకాల్లో ఉన్న మాటలు పిల్లలకు కంఠతా వచ్చు. మీ మీ ప్రాంతాల నుంచి, మీరు చూసినదాన్నుంచి చెప్పండి.

పాత నల్లగొండ

లెక్చరర్ గారూ, మీరు మద్రాసు వైపు నుంచి మొదలుపెట్టారు. మా వైపు నుంచి చూస్తే కథ వేరుగా కనిపిస్తుంది.

రాజ్యాంగ సభ 1946 డిసెంబర్ 9న కూర్చుంది. మా హైదరాబాద్ సంస్థానం తరఫున అందులో ఒక్క సభ్యుడూ లేడు, చివరిదాకా లేడు. 1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చి సంస్థానం ఇండియాలో కలిసింది. 1949 నవంబర్ చివర్లో నిజాం ఒక ఫర్మానా ఇచ్చి రాజ్యాంగాన్ని ఒప్పుకున్నాడు. మా పల్లెలను ఎవరూ అడగలేదు. అప్పటికి మా జిల్లాలో సాయుధ పోరాటం నడుస్తూనే ఉంది. దొరల గడీల మీద తిరగబడి భూములు పంచుకున్నవాళ్లు ఇప్పుడు కొత్త సర్కారు సైన్యం నుంచి తప్పించుకుంటూ అడవుల్లో ఉన్నారు. ఆ రాజ్యాంగం తమదని వాళ్లెందుకు అనుకోవాలి?

1951 అక్టోబర్‌లో పోరాటం విరమించారు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో మొదటి ఎన్నికల్లో నిలబడ్డారు. నల్లగొండలో రావి నారాయణరెడ్డి గారికి వచ్చిన ఓట్లు నెహ్రూ గారికి వచ్చినవాటికంటే ఎక్కువ. ఏ ప్రభుత్వం మీద పోరాడారో ఆ ప్రభుత్వపు పార్లమెంటుకే వెళ్లారు. ఇది ఒక్కరోజులో జరగలేదు, లోపల ఎంత వాదన నడిచిందో మా ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ వెట్టి చేసిన మనిషికీ, వెట్టి చేయించుకున్న దొరకూ చెరొక ఓటు అని రాసి ఉండకపోతే ఆ దారి తెరుచుకునేదే కాదు.

వకీలు, విజయవాడ

అన్నా, మీరు చెప్పిన ఓటు గురించి కొంచెం వివరంగా రాస్తాను. 326వ అధికరణం 21 ఏళ్లు నిండిన ప్రతివాళ్లకూ ఓటు ఇచ్చింది (18 ఏళ్లకు తగ్గించింది 1989లో). బ్రిటిష్‌వాళ్ల కాలంలో ఆస్తి, చదువు, పన్ను చూసి ఓటు ఇచ్చేవారు. 1951 జనాభా లెక్కల ప్రకారం చదువు వచ్చినవాళ్లు నూటికి 18 మందే. అయినా 17 కోట్లకు పైగా జనం ఓటర్ల జాబితాకెక్కారు. అప్పట్లో చాలామంది ఆడవాళ్లు సొంత పేరు చెప్పలేదు. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని మాత్రమే చెప్పారు. అలా పేరు లేని ఎంట్రీలను సుకుమార్ సేన్ నడిపిన ఎన్నికల సంఘం ఒప్పుకోలేదు. సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు తీసేయాల్సి వచ్చింది. కఠినంగా అనిపిస్తుంది, కానీ తర్వాతి ఎన్నికలకు వాళ్లు సొంత పేర్లతో జాబితాలోకి వచ్చారు. ఊరితో, ఇంటిపేరుతో, మొగుడి పేరుతో కాకుండా ఒక మనిషిగా దేశంతో సంబంధం ఏర్పడటం అంటే ఇదే.

ఇక 3వ అధికరణం. లెక్చరర్ గారూ, పిల్లలకు దీని రెండో వైపు కూడా చెప్పండి. కొత్త రాష్ట్రం ఏర్పాటుకు పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలు. సంబంధిత అసెంబ్లీకి బిల్లు పంపి అభిప్రాయం అడగాలి, ఆ అభిప్రాయానికి కట్టుబడాల్సిన పని లేదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ మూజువాణి ఓటుతో విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ దాన్ని ఆమోదించాయి. రాజ్యాంగం ప్రకారం అందులో తప్పు లేదు.

కొండారెడ్డి బురుజు, కర్నూలు

తప్పు లేదని వకీలు గారు తేలిగ్గా రాసేశారు. ఆ రోజు లోక్‌సభలో టీవీ ప్రసారం ఆగిపోయింది. మా గురించి ఏం మాట్లాడుకున్నారో మేం చూడలేకపోయాం. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన మనసు ఒప్పుకోదు.

రాయలసీమవాళ్లం కాబట్టి ఇంకో మాట. 1937లో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. రాజధానో హైకోర్టో సీమకు రావాలని, నీళ్లలో మాకు ముందు వాటా ఉండాలని అందులో ఉంది. 1953లో కర్నూలు రాజధాని అయింది. గుడారాల్లో ఆఫీసులు నడిచాయి. మూడేళ్లకే అది హైదరాబాద్ పోయింది. ఎవరినీ కోర్టుకు లాగలేకపోయాం, ఎందుకంటే శ్రీబాగ్ అనేది పెద్దమనుషుల మధ్య ఒప్పందం. 2014లో కూడా ప్రత్యేక హోదా మాట సభలో చెప్పారు, చట్టంలో రాయలేదు. అది ఏమైందో అందరికీ తెలుసు. నేను ఈ దేశం వాణ్ణే, అందులో అనుమానం లేదు. కానీ ఐక్యత గురించి మాట్లాడేటప్పుడు ఈ బాధను పక్కన పెట్టొద్దు.

వీణ, వరంగల్

కర్నూలు అన్నగారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది, ఎందుకంటే అచ్చం అదే మా బాధ. మీరు శ్రీబాగ్ అన్నారు. మాకు 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం. రాష్ట్రాల పునర్విభజనకు వేసిన ఫజల్ అలీ కమిషన్ ఏం చెప్పిందో గుర్తుందా? తెలంగాణను కొన్నాళ్లు వేరే రాష్ట్రంగా ఉంచి, 1961 ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటేనే కలపమంది. ఆ మాట వినలేదు. బదులుగా ఉద్యోగాలు, మిగులు నిధులు, ఉప ముఖ్యమంత్రి పదవి అంటూ కాగితం మీద హామీలు రాశారు. మొదటి మంత్రివర్గంలోనే ఉప ముఖ్యమంత్రి లేరు. 1969లో మా పిల్లలు రోడ్లమీదికి వచ్చింది ఆ హామీల కోసమే. ఎందరో తిరిగి ఇళ్లకు రాలేదు.

1972లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు (తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అన్న పాత నియమాలు) చెల్లుతాయని చెప్పింది. అప్పుడు మీవైపు వేరే ఆంధ్ర రాష్ట్రం కావాలని జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. రెండు వైపులా కోపమే. 1973లో ఆరు సూత్రాల పథకం కుదిరింది, దాన్నుంచి 32వ సవరణ, దాన్నుంచి ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికులకు న్యాయమైన వాటా కోసం 371డి అధికరణం వచ్చాయి. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వుతో జిల్లాలు, జోన్లు, లోకల్ కేడర్లు అన్నీ రాతలోకి వచ్చాయి.

నేను గమనించింది ఏమిటంటే, నాయకులు చేతులు కలిపి చేసిన ఒప్పందాలు రెండు ప్రాంతాల్లోనూ నీరుగారిపోయాయి. రాజ్యాంగంలోకి ఎక్కిన 371డి మాత్రం నిలబడింది. దాన్ని కూడా ఉల్లంఘించారు, కాదనను. ఉల్లంఘించి చేసిన నియామకాలను సరిదిద్దడానికి 1985లో 610 జీవో ఇవ్వాల్సి వచ్చింది, అది కూడా ఏళ్లతరబడి సరిగ్గా అమలు కాలేదు. కానీ ఇది ఉల్లంఘన అని వేలు పెట్టి చూపించడానికి మా దగ్గర ఒక రాత ఉంది. అది లేకపోతే అది ఉత్త ఫిర్యాదు. రాష్ట్రం రెండైన తర్వాత కూడా 371డి రెండు వైపులా అమల్లో ఉంది. మా తమ్ముడు గ్రూప్ పరీక్షలకు లోకల్ సర్టిఫికెట్ పట్టుకుని తిరిగినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

బెంగళూరు టెకీ

అందరూ చాలా తెలిసినవాళ్లు. నేను వేరేగా ఆలోచిస్తున్నాను, కోపం తెచ్చుకోకండి. రాజ్యాంగం చదివినవాళ్లు నూటికి ఎంతమంది? మనల్ని కలిపింది రైళ్లు, క్రికెట్, సినిమా, ఉద్యోగాల కోసం ఊళ్లు దాటడం. మా టీంలో ఒడిశా, కేరళ, బీహార్, పంజాబ్ వాళ్లున్నారు. కలిసి పనిచేస్తాం, కలిసి తింటాం. ఆ పుస్తకం ఊసే ఎవరూ ఎత్తరు. 395 అధికరణాలు, 8 షెడ్యూళ్లతో మొదలై ఇంకా పెరిగింది. అంత పెద్ద పుస్తకం జనాన్ని కలుపుతుందంటే నమ్మడం కష్టం.

వకీలు, విజయవాడ

తమ్ముడూ, ఆ ఒడిశా అబ్బాయి బెంగళూరులో పర్మిట్ లేకుండా ఎలా ఉంటున్నాడు? 19వ అధికరణం దేశంలో ఎక్కడైనా తిరగడానికి, నివసించడానికి, ఉద్యోగమో వ్యాపారమో చేసుకోవడానికి హక్కు ఇచ్చింది. స్వాతంత్ర్యానికి ముందు ఇక్కడ 500కు పైగా సంస్థానాలుండేవి. కొన్నింటికి సొంత సుంకాలు, హైదరాబాద్‌కైతే సొంత నాణెం, సొంత రైల్వే. రైళ్లు బ్రిటిష్‌వాళ్ల కాలంలోనూ ఉన్నాయి. వాటివల్ల దేశ విభజన ఆగలేదు.

మనతోపాటే పుట్టిన పొరుగు దేశాన్ని చూడండి. 1948లో ఢాకాలో నిలబడి ఉర్దూ ఒక్కటే జాతీయ భాష అని జిన్నా ప్రకటించారు. 1952 ఫిబ్రవరి 21న బెంగాలీ కోసం ఊరేగిన విద్యార్థుల మీద కాల్పులు జరిగాయి. మొదటి రాజ్యాంగం రాసుకోవడానికే 1956 దాకా పట్టింది, 1958లో సైనిక పాలన దాన్ని రద్దు చేసింది. 1971లో బంగ్లాదేశ్ వేరుపడింది. మతం ఒకటే, క్రికెట్టూ ఒకటే. శ్రీలంకలో 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం చేశారు, దాని తర్వాత జరిగింది మనం దగ్గరి నుంచి చూశాం. మన దగ్గర 1949లో ఆ ప్రమాదం అంచుదాకా వెళ్లి వెనక్కి వచ్చాం. భాష మీద రాజ్యాంగ సభలో జరిగిన గొడవ గురించి తెలిసినవాళ్లు రాస్తే బాగుంటుంది.

రాజమండ్రి రాణి

నేను రాస్తాను వకీలు గారూ, ఇది నాకు ఇష్టమైన అధ్యాయం.

మా ఊళ్లో పుట్టిన దుర్గాబాయమ్మ (దుర్గాబాయి దేశ్‌ముఖ్) చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఆడపిల్లలకు హిందీ బడి నడిపారు. 1923 కాకినాడ కాంగ్రెస్‌లో టికెట్ లేదని నెహ్రూ గారిని గేటు దగ్గర ఆపిన వలంటీరు ఆమే. రాజ్యాంగ సభలో ఉన్న 15 మంది మహిళల్లో ఆమె ఒకరు. అలాంటి మనిషి 1949 సెప్టెంబర్‌లో లేచి హిందీ అభిమానుల ముందు నిష్ఠూరంగా మాట్లాడారు. మేం దక్షిణాదిలో ఇష్టంగా హిందీ నేర్చుకున్నాం, నేర్పించాం, ఇప్పుడు మీరు చేస్తున్న ఒత్తిడి చూస్తే ఆ ఇష్టమే చచ్చిపోతోంది అన్నది ఆమె మాటల సారాంశం. పదిహేనేళ్లపాటు ఉన్నది ఉన్నట్టే సాగనివ్వాలని ఆమె కోరారు. మోటూరి సత్యనారాయణ గారు కూడా ఆ సభలోనే ఉన్నారు. దక్షిణ భారత హిందీ ప్రచార సభకు జీవితమే ఇచ్చిన తెలుగువాడు. హిందీని ప్రేమించిన తెలుగువాళ్లే హిందీని రుద్దొద్దని చెప్పడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

సెప్టెంబర్ 14న సభ్యులు మున్షీ, గోపాలస్వామి అయ్యంగార్ కుదిర్చిన రాజీ పాసయింది. హిందీ కేంద్రానికి అధికార భాష, 15 ఏళ్లు ఇంగ్లిషు కూడా. జాతీయ భాష అని ఏ భాషకూ పేరు పెట్టలేదు. 8వ షెడ్యూల్లో 14 భాషలు చేర్చారు, మన తెలుగు మొదటి రోజు నుంచే ఉంది. తర్వాత సింధీ, ఆ తర్వాత కొంకణి, మణిపురి, నేపాలీ, 2003 సవరణతో బోడో, డోగ్రీ, మైథిలీ, సంతాలీ వచ్చి ఇప్పుడు 22 అయ్యాయి. 15 ఏళ్ల గడువు 1965లో తీరబోతుంటే మద్రాసు రాష్ట్రం అగ్గిలా మండింది. గడువు తర్వాత కూడా ఇంగ్లిషు కొనసాగించవచ్చని 1963లో చట్టం వచ్చింది, హిందీయేతర రాష్ట్రాలు ఒప్పుకునేదాకా కొనసాగి తీరాలని 1967లో దాన్ని గట్టిచేశారు.

ఎవరికీ పూర్తి సంతోషం ఇవ్వని రాజీ అది. ఆ రాజీయే మనల్ని ఢాకా దారిలో పోకుండా ఆపింది.

హోసూరు తెలుగోడు

రాష్ట్రాల గురించి మాట్లాడేటప్పుడు సరిహద్దుకు అవతల మిగిలిపోయిన మమ్మల్ని అందరూ మర్చిపోతారు. మా తాతల కాలంనుంచి మేం ఇక్కడే ఉన్నాం. భాషా రాష్ట్రాలు వచ్చినప్పుడు మేం గీతకు అవతల, తమిళనాడు వైపు పడ్డాం. మాలాగే బళ్లారిలో, రాయగడలో, బరంపురంలో తెలుగువాళ్లు ఉన్నారు. ఆంధ్రలో ఉన్న ఒరియా, తమిళ కుటుంబాలదీ ఇదే పరిస్థితి.

మాకు పనికొచ్చేవి అల్పసంఖ్యాకుల భాషను, బడులను కాపాడే 29, 30, 350ఎ అధికరణాలు. 350ఎ, 350బి రెండూ 1956లో భాషా రాష్ట్రాలతోపాటే 7వ సవరణ ద్వారా చేర్చారు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పించే ఏర్పాటు రాష్ట్రం చెయ్యాలి. గీత గీసినవాళ్లకు గీత అవతల మిగిలే మనుషులు కూడా గుర్తొచ్చారన్నమాట.

అమలు సంగతి వేరు. ఇక్కడ 2006 చట్టంతో పదో తరగతిలో తమిళం తప్పనిసరి అయ్యింది. తెలుగు, కన్నడ, ఉర్దూ మీడియం పిల్లలు కోర్టుకెళ్లి మినహాయింపులు తెచ్చుకోవాల్సి వచ్చింది. పరీక్షల ముందు ఆ టెన్షన్ తల్లిదండ్రులకే తెలుస్తుంది. తెలుగు టీచరు రిటైరైతే కొత్తవారు రారు, బడి నెమ్మదిగా మూతపడుతుంది. నేను తమిళం బాగా మాట్లాడతాను, తమిళులతో నాకు ఏ గొడవా లేదు. నా బిడ్డ తెలుగు చదవాలి, అంతే. ఈ కోరికతో నేను కోర్టు మెట్లెక్కినా నన్ను ఎవరూ దేశద్రోహి అనలేరు.

పాడేరు మాస్టారు

నేను కొండదొర కులస్తుణ్ణి, ఏజెన్సీలో పాతికేళ్లుగా టీచర్ని. ఐక్యత అనే మాట వింటే మా పెద్దవాళ్లకు కొంచెం భయం. మైదానం నుంచి వచ్చిన ప్రతివాడూ మనమంతా ఒకటే అనే చెప్పాడు. తర్వాత భూమి కాగితాలు వాడి పేరు మీద కనిపించేవి.

రాజ్యాంగ సభలో ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ ముండా గారు ఈ మాటే ఇంకా గట్టిగా అన్నారు. ఆదివాసీలకు మీరు ప్రజాస్వామ్యం నేర్పనక్కరలేదు, మీరే మా దగ్గర నేర్చుకోవాలి అన్నారాయన. 5వ షెడ్యూలు మా ప్రాంతాలకు వేరే పద్ధతి పెట్టింది. గవర్నరు ఏ చట్టమైనా ఇక్కడ వర్తించకుండా ఆపొచ్చు, భూ బదలాయింపును నిషేధించొచ్చు. దాని బలంతోనే 1959 భూ బదలాయింపు నిబంధన, దాన్ని బిగించి గిరిజనేతరులకు భూమి పోకుండా ఆపిన 1970 నాటి 1/70 వచ్చాయి. మా ఊళ్లో చదువురాని ముసలమ్మకు కూడా వన్ ఆఫ్ సెవెంటీ అంటే తెలుసు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద తీర్పిస్తూ, షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమిని కూడా ఆదివాసేతరులకు గనుల కోసం ఇవ్వకూడదని చెప్పింది.

అదే కోర్టు 2020 ఏప్రిల్‌లో ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చే 3వ నంబరు జీవోను కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధం అంది. నా దగ్గర చదువుకుని టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసిన పిల్లలు ఆ రోజు ఫోన్ చేసి ఏడ్చారు. కువి మాత్రమే తెలిసిన ఆరేళ్ల పిల్లకు ఆ భాష రాని టీచరు ఏం చెప్తారు? ఈ ప్రశ్నకు నాకు ఇప్పటికీ సమాధానం దొరకలేదు.

మేం దేశంలో ఉన్నాం, ఉంటాం. మమ్మల్ని మాలాగే ఉండనిచ్చినంతకాలం అది మాకు బరువు కాదు. 5వ షెడ్యూలు పలచనైనప్పుడల్లా ఆ నమ్మకం పలచనవుతుంది.

చీరాల సుధాకర్

మాస్టారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను కూడా కొంచెం కటువుగానే రాస్తాను.

ఇప్పటిదాకా అందరూ ప్రాంతాలు, భాషల మధ్య ఐక్యత గురించే మాట్లాడారు. ఒకే ఊళ్లో, ఒకే భాష మాట్లాడే రెండు వాడల మధ్య ఐక్యత ఎవరు తెస్తారు? మాకు దగ్గర్లోనే కారంచేడు. 1985 జులైలో ఆరుగురు మాదిగలను చంపారు. గొడవ మొదలైంది మా వాళ్లు నీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర గేదెలు కడగడంతో. వద్దని మా వాళ్లన్నందుకు. ఇప్పుడు 15వ అధికరణం రెండో క్లాజు తీసి చదవండి. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు వాడుకోవడంలో కులం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదని పేరుపేరునా రాసి ఉంది. స్వేచ్ఛ, సమానత్వం లాంటి పెద్ద మాటల మధ్య బావి, చెరువు అని రాయాలని ఎవరికి తోస్తుంది? చిన్నప్పుడు బళ్లో దాహమైతే ఎవరో పైనుంచి పోస్తే తప్ప నీళ్లు తాగలేకపోయిన మనిషికి తోస్తుంది.

1991లో చుండూరు. ఎనిమిది మంది. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు, 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. అందుకే రాజ్యాంగం మమ్మల్ని కాపాడింది అని నేను గుడ్డిగా చెప్పను. అయినా కారంచేడు తర్వాత చీరాలలో శిబిరం వేసుకుని కూర్చున్న జనం అడిగింది ఏమిటి? చట్టప్రకారం న్యాయం. ఆ ఉద్యమాల వేడిలోనే 1989 అట్రాసిటీ చట్టం వచ్చింది. దానికి వేరు అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణంలో ఉంది.

రాజ్యాంగం ఏ ఆశయాలతో రాయాలో చెప్పిన నెహ్రూ గారి లక్ష్యాల తీర్మానంలో సోదరభావం అనే మాట లేదు. ముసాయిదా కమిటీ దాన్ని పీఠికలో చేర్చింది. 1949 నవంబర్ 25న సభలో చివరి ప్రసంగం చేస్తూ అంబేద్కర్ గారు చెప్పింది కూడా ఇదే. జనవరి 26 నుంచి రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత అనే వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నాం, దీన్ని త్వరగా తొలగించకపోతే నష్టపోయినవాళ్లు ఈ కట్టడాన్ని కూల్చేస్తారని హెచ్చరించారు. వేల కులాలుగా చీలిన జనం అప్పుడే ఒక జాతి అయిపోయారనుకోవడం భ్రమ అని కూడా ఆ ప్రసంగంలోనే అన్నారు. మీ కాలేజీ చర్చలో ఆ ప్రసంగం పూర్తిగా చదివించండి సార్.

సివిక్స్ లెక్చరర్, గుంటూరు

తప్పకుండా చదివిస్తాను సుధాకర్ గారూ. చుండూరు మా ఉమ్మడి జిల్లాదే. మా పిల్లల్లో ఎక్కువమందికి ఆ పేరే తెలియదు. 15వ అధికరణాన్ని చెరువు వైపు నుంచి చెప్పడం నాకు ఇంతవరకు తట్టలేదు. ఈసారి అలాగే చెప్తాను.

గుత్తి కోట

చిన్న విషయం చెప్పి వెళ్తాను. మా గుత్తికి చెందిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు సుప్రీంకోర్టులో ఉండగా కేరళ నుంచి ఒక కేసు వచ్చింది. యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు బళ్లో జాతీయ గీతానికి గౌరవంగా లేచి నిలబడేవాళ్లు కానీ పాడేవాళ్లు కాదు, మతం ఒప్పుకోదని. బడి నుంచి పంపేశారు. 1986లో చిన్నప్పరెడ్డి గారి ధర్మాసనం ఆ పిల్లలను తిరిగి చేర్చుకోమంది. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం చెప్తుంది, మన రాజ్యాంగం సహనం ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయొద్దని తీర్పు చివర్లో రాశారు. అందరితో పాడించినంత మాత్రాన ఐక్యత రాదని ఆయన నమ్మారు. నేనూ నమ్ముతాను.

బెంగళూరు టెకీ

వకీలు అన్నగారి సమాధానం, ఆ తర్వాత వచ్చినవి అన్నీ చదివాను. 19వ అధికరణం పాయింట్ ఒప్పుకుంటున్నా. కానీ ఇంకో అనుమానం. లోక్‌సభ సీట్ల సంగతేంటి? కుటుంబ నియంత్రణ పాటించినందుకు దక్షిణాదికి సీట్ల వాటా తగ్గితే, అప్పుడు కూడా రాజ్యాంగం కలిపి ఉంచుతుందా?

వకీలు, విజయవాడ

మంచి ప్రశ్న. 81, 82 అధికరణాల ప్రకారం ప్రతి జనాభా లెక్కల తర్వాత రాష్ట్రాలకు సీట్లు జనాభానుబట్టి సర్దాలి. ఎమర్జెన్సీలో 42వ సవరణ 1971 లెక్కల దగ్గర దాన్ని ఆపేసింది, 2000 సంవత్సరం దాకా. తర్వాత 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా పొడిగించింది. ఆంధ్రకు 25, తెలంగాణకు 17 అనే సంఖ్యలు ఆ పాత లెక్క మీద నిలబడ్డవే.

ఇక్కడ రెండు న్యాయాలు ఢీకొంటున్నాయి. బీహార్ ఓటరుకూ మన ఓటరుకూ ఓటు విలువ సమానంగా ఉండాలన్నది ఒకటి. జాతీయ విధానాన్ని పాటించిన రాష్ట్రానికి శిక్ష పడకూడదన్నది రెండోది. అమెరికాలో సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికీ ఇద్దరే. మన రాజ్యసభ అలా లేదు, అక్కడ కూడా వాటా జనాభాతోనే ముడిపడి ఉంది. అందుకే నాకు ఆందోళనగా ఉంది. 1949లో భాష మీద చేసినట్టు అందరూ కొంత వదులుకునే రాజీ కుదరాలి. లెక్క తేల్చేసి మెజారిటీతో పాస్ చేస్తే చట్టప్రకారం చెల్లుతుంది, కానీ కర్నూలు అన్నగారు 2014 గురించి చెప్పిన బాధ ఈసారి అయిదు రాష్ట్రాలకు వస్తుంది.

పాత నల్లగొండ

ఒక్క మాట. 1984 ఆగస్టులో గవర్నరు ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసినప్పుడు రాష్ట్రం అట్టుడికింది. నెల తిరిగేసరికి కొత్త ప్రభుత్వం పోయి ఆయన తిరిగి వచ్చారు. మెజారిటీ ఎవరికుందో సభలోనే తేలాలని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ రోజుల్లో ఢిల్లీ మీద ఎంత కోపం ఉన్నా, దేశం వద్దని ఒక్క ఊరేగింపులోనూ వినలేదు. సీట్ల విషయంలోనూ జనం ఆ తేడా పాటిస్తారు. ఢిల్లీలో ఉన్నవాళ్లు కూడా పాటించాలి.

కొండారెడ్డి బురుజు, కర్నూలు

వీణమ్మా, నీ 371డి మాట మీద చాలాసేపు ఆలోచించాను. రాతలో ఉంటేనే నిలుస్తుందన్నది నిజమే. అయితే నీళ్లకు 262వ అధికరణం ఉంది కదా, అది నిలబెట్టిందా? నదీ వివాదాల్లో కోర్టుల జోక్యాన్నే పార్లమెంటు తీసేయొచ్చని అందులో రాశారు, 1956 చట్టంతో తీసేశారు కూడా. కృష్ణా నీళ్లలో బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలు ఇచ్చింది. విభజన తర్వాత ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అని తాత్కాలికంగా పంచారు. ఆ తాత్కాలికం ఏళ్లు గడిచినా తీరలేదు. శ్రీశైలం గేట్లెత్తినప్పుడు కళ్ల ముందు నీళ్లు పోతుంటే మా చేలు ఎండుతున్నాయి.

వీణ, వరంగల్

అన్నగారూ, 299 అన్యాయమని మావైపు వాదన. నదీ పరివాహక ప్రాంతంలో ఎక్కువ భాగం మాది, మహబూబ్‌నగర్ నుంచి ముంబై వలస బస్సులు ఎందుకు నిండేవో మీకు తెలియనిది కాదు. మీకు సీమ కరువు ఎంతో మాకు పాలమూరు కరువు అంత. 2023లో కేంద్రం బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు రెండు రాష్ట్రాల మధ్య పంపకం తేల్చమని కొత్త విధివిధానాలు ఇచ్చింది. ఆలస్యం గురించి మీరన్నది నేనూ ఒప్పుకుంటాను. ట్రిబ్యునళ్లకు గట్టి గడువు పెట్టమని అడగడంలో రెండు రాష్ట్రాల రైతులూ ఒకేవైపు ఉన్నారు.

నీళ్ల లెక్క ఈ చర్చలో ఇమిడేది కాదు. కృష్ణా జలాలకు వేరే థ్రెడ్ తెరుస్తున్నాను. పాలమూరు లెక్కలు నేను పెడతాను, పోతిరెడ్డిపాడు, కేసీ కెనాల్ లెక్కలు మీరు పెట్టండి. వకీలు గారు 1956 చట్టం సెక్షన్లు రాస్తే ఇద్దరికీ ఉపయోగం.